ఇంట్లో చిన్నవారే ప్రయాణానికి కొలత

పిల్లలకు పరీక్షలు అయిపోయాయంటే చాలు, ఇంట్లో ఒకటే ప్రశ్న: "ఈసారి ఎక్కడికి వెళ్దాం?" బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు క్యాలెండరు చూసుకునే చెప్పాలి. మార్చి క్లోజింగ్ దాటాలి, రెండో శనివారమో నాలుగో శనివారమో కలిసి రావాలి, బ్రాంచిలో మరొకరు అప్పటికే సెలవు పెట్టి ఉండకూడదు. ఇన్ని కుదిరాక దొరికే రెండు మూడు రోజులు మనకు చాలా విలువైనవి. అందుకే వాటిలో వీలైనన్ని ఎక్కువ చూసేయాలనిపిస్తుంది. చంటిపిల్లలున్న ఇళ్లలో ప్రయాణం బెడిసికొట్టేది సాధారణంగా ఇక్కడే.

ఇటీవలి కాలంలో పిల్లలు ఎక్కువగా అడుగుతున్నది థీమ్ పార్కు. హైదరాబాద్ శివార్లలో రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది. రావిర్యాల దగ్గర వండర్‌లా 2016లో మొదలైంది. బెంగళూరులో పనిచేస్తున్న మనవారికి బిడదిలోని వండర్‌లా, ముంబయి, పుణె వైపు ఉన్నవారికి ఖోపోలి దగ్గరి ఇమాజికా అందుబాటులో ఉన్నాయి. సొంత కారు ఉంటే బయలుదేరడం సులువే. అయితే ఆ కారును, ఆ రోజులను, ఆ పార్కును ఎవరికి తగ్గట్టు అమర్చుకోవాలన్నదే ఈ పాఠం. జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, ఇంట్లో అందరికన్నా చిన్నవారికి తగ్గట్టు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్లేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, ఆయన బెంచీ మీద ఒంటరిగా కూర్చుని చూసేవాడు. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన అక్కడే మొలకెత్తిందని ఆయనే చెప్పుకున్నాడు. కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరుచుకుంది. అంటే ఇలాంటి పార్కు అసలు ఉద్దేశం అందరూ కలిసి గడపడమే. ఎన్ని రైడ్లు ఎక్కామన్న లెక్క ఆ తర్వాతిది.

మొదటి లెక్క: రోజులు

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. చాలామంది వేసుకునే ప్రణాళిక ఇలా ఉంటుంది: తెల్లవారుజామున మూడింటికి బయలుదేరడం, పిల్లలు నిద్రలో ఉండగానే దారి దాటేయడం, పగలంతా పార్కులో గడిపి రాత్రికి మళ్లీ కారెక్కడం. గది అద్దె మిగులుతుంది, సెలవు కూడా మిగులుతుంది.

ఇందులో ఖర్చు కింద రాయని పద్దు ఒకటుంది, అదే డ్రైవింగ్ సీట్లో ఉన్నవారి నిద్ర. రాత్రి రెండు నుంచి ఉదయం ఆరు వరకు మనిషి శరీరం సహజంగానే నిద్రను కోరుతుంది. వారమంతా కౌంటర్లో కూర్చున్నవారికి, శుక్రవారం పొద్దుపోయాక ఇల్లు చేరినవారికి అది మరీ ఎక్కువ. కాఫీ తాగినా, పాటలు పెద్దగా పెట్టుకున్నా కనురెప్ప ఒక్క క్షణం వాలకుండా ఆపలేం. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో 25 మీటర్లు ముందుకు పోతుంది. మూడు సెకన్ల కునుకు అంటే 75 మీటర్లు కారు తనంతట తాను పోయినట్టే.

మెరుగైన పద్ధతి ఒకటుంది. రెండో శనివారానికి ముందున్న శుక్రవారం ఒక్క క్యాజువల్ లీవు పెట్టండి. శుక్రవారం పొద్దున ఆరున్నరకు బయలుదేరితే మధ్యాహ్నానికి హైదరాబాద్ చేరి విశ్రాంతి తీసుకోవచ్చు. శనివారం పార్కు. ఆదివారం టిఫిను చేసి బయలుదేరితే మూడింటికల్లా ఇల్లు. బట్టలు ఉతుక్కోవడానికి, పిల్లలు తొందరగా పడుకోవడానికి, సోమవారం బ్రాంచికి తేరుకున్న ముఖంతో వెళ్లడానికి ఆదివారం సాయంత్రం మిగులుతుంది. ఒక సెలవు, రెండు రాత్రుల గది అద్దె పెట్టి కొనుక్కుంటున్నది ఇంటిల్లిపాది క్షేమాన్ని. అంత స్తోమత లేదనుకుంటే పార్కును తగ్గించుకోండి, దగ్గరి ఊళ్లోని చిన్న పార్కుకు వెళ్లండి. నిద్రను మాత్రం తగ్గించుకోకండి.

రెండో లెక్క: వెనక సీటు

పాపాయిని అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మనకు అలవాటు. అమ్మ చేతులకన్నా భద్రమైన చోటు ఏముంటుందన్నది మన నమ్మకం. ఇల్లు కదలదు కాబట్టి ఇంట్లో అది నిజం. కారులో లెక్క వేరు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికైనా గుద్దుకుని ఆగిపోతే, లోపలున్నవారు అదే వేగంతో ముందుకు పోతారు. ఆ వేగం, దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఇంచుమించు మూడో అంతస్తు నుంచి కిందపడితే నేలను తాకే వేగంతో సమానం. పది కిలోల పాపను ఆ క్షణంలో ఎంత బలమైన చేతులూ పట్టి ఉంచలేవు. పైగా పెద్దవారి బరువు పాప మీదే పడుతుంది. ఒకే బెల్టును ఇద్దరికీ కలిపి పెట్టుకోవడం ఇంకా ప్రమాదం.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో చేరిన 194-బి సెక్షను ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకుండా వాహనం నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట అటుంచి, పిల్లల ఎదుగుదలను బట్టి మూడు దశలు గుర్తుంచుకోండి.

చంటిబిడ్డకు వెనక్కి తిరిగి ఉండే సీటు. మెడ ఎముకలు లేతగా ఉంటాయి కాబట్టి కనీసం రెండేళ్లు వచ్చేదాకా, ఆ సీటు తట్టుకునే బరువు, ఎత్తు పరిమితి వరకు ఇదే మేలు. తర్వాత ముందుకు తిరిగి, భుజాల మీదుగా పట్టీలుండే సీటు. ఆ తర్వాత బూస్టరు, అంటే పెద్దవాళ్ల బెల్టు సరిగ్గా కుదిరేలా పిల్లలను ఎత్తులో కూర్చోబెట్టే దిమ్మ. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా ఇది అవసరం. బెల్టు భుజం మధ్య నుంచి, తుంటి ఎముకల మీదుగా పోవాలి. మెడకు ఒరుసుకున్నా, పొట్ట మీదికి జరిగినా ఆ బిడ్డకు బూస్టరు కావాలన్నట్టే.

పిల్లల సీటు ముందు వైపు వద్దు. గాలిసంచి తెరుచుకునే వేగాన్ని పసి శరీరం తట్టుకోలేదు. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేయడం కూడా మరవకండి. సీటు కొత్తగా కొంటే ప్రయాణానికి రెండు వారాల ముందే బిగించి, కూరగాయల బజారుకో తాతయ్య ఇంటికో వెళ్లేటప్పుడు కూర్చోబెట్టి అలవాటు చేయండి. ఐదు గంటల ప్రయాణం రోజునే మొదటిసారి కూర్చోబెడితే ఏడుపు తప్పదు.

మరో నియమం: పెద్దవారిలో ఒకరు వెనక, పిల్లల పక్కన కూర్చోవాలి. పాలసీసా కింద పడినా, అన్నాచెల్లెళ్లు కొట్టుకున్నా చూసుకునే బాధ్యత వారిదే. నడిపేవారు రెండు సెకన్లు వెనక్కి తిరిగితే 50 మీటర్లు రోడ్డు చూడకుండా పోయినట్టు. ఏడుపు ఆగకపోతే నడుస్తున్న కారులో సముదాయించే ప్రయత్నం మానుకుని, సురక్షితమైన చోట పక్కకు తీసి ఆపండి.

మూడో లెక్క: దారి

ఫోనులోని మ్యాపు ఐదు గంటలు చూపిస్తే, పిల్లలున్న కారుకు మరో గంటన్నర కలుపుకోండి. ప్రతి గంటన్నరకు, ఎక్కువలో ఎక్కువ రెండు గంటలకు ఒకసారి ఆగాలి. చంటిబిడ్డను సీటులోంచి తీసి కాసేపు వెల్లకిలా పడుకోబెట్టాలి, నడిచే పిల్లలను పది నిమిషాలు పరిగెత్తనివ్వాలి. విజయవాడ దారిలోనైతే కోదాడ దగ్గర టిఫినుకు ఒకసారి, నార్కట్‌పల్లి, చిట్యాల ప్రాంతంలో రెండోసారి ఆగితే సరిపోతుంది. ఆ తర్వాత పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే, నగరం ట్రాఫిక్కులోకి దిగకుండానే రావిర్యాల చేరవచ్చు. రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లేవారు ఔటర్ దాకా కూడా పోనక్కర్లేదు, అది ఈ రహదారి మీదే ముందుగా వస్తుంది. సంక్రాంతి రోజుల్లో మాత్రం పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్ల మధ్య పిల్లలను కూర్చోబెట్టడం కన్నా మరో వారం ఎంచుకోవడం తెలివైన పని.

వేగం పెంచితే ఎంత కలిసొస్తుందో లెక్కేయండి. వంద కిలోమీటర్ల దూరానికి గంటకు 80 వేగంతో 75 నిమిషాలు, 100 వేగంతో 60 నిమిషాలు. మిగిలేది పావుగంట. బ్రేకు వేశాక కారు ఆగడానికి కావలసిన దూరం మాత్రం ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ఒక టీ తాగే సమయం కోసం ఇది లాభసాటి బేరం కాదు.

వాంతుల సమస్య రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకు ఎక్కువ. లోపలి చెవి "కదులుతున్నాం" అంటుంది, ఫోను తెరకో బొమ్మల పుస్తకానికో అతుక్కున్న కన్ను "కదలడం లేదు" అంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. అందుకని దారిలో ఫోను ఇవ్వకండి, దూరంగా బయటికి చూసే ఆట పెట్టండి. కిలోమీటరు రాళ్ల ఆట అందుకు బాగా పనికొస్తుంది. పైభాగం పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. "ఇంకా ఎంత దూరం?" అన్న ప్రశ్నకు రాయి మీద అంకె చదివి జవాబు వాళ్లే చెప్పుకుంటారు. బయలుదేరే ముందు నూనె పూరీలు కాకుండా రెండు ఇడ్లీలు చాలు. మందులు వాడాలనుకుంటే పిల్లల డాక్టరును అడిగే వాడండి. ఒక ప్లాస్టిక్ సంచి, తడి గుడ్డ, ఒక జత బట్టలు డిక్కీలో కాక చేతికందేలా పెట్టుకోండి.

దారిలో బండి ఆగిపోతే జాతీయ రహదారి సహాయ నంబరు 1033. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108. ఈ మూడూ కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డులో ఉంచండి.

నాలుగో లెక్క: ఎండ, నీరు

వేసవి సెలవులు ఎండలోనే వస్తాయి. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాల్లోనే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. పసిపిల్లల శరీరం పెద్దవారికన్నా మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. "నిద్రపోతున్నాడు కదా, ఒక్క నిమిషంలో నీళ్లసీసా కొనుక్కొచ్చేస్తాం" అని బిడ్డను కారులో వదిలి వెళ్లకండి. బిడ్డను లేపితే ఏడుస్తాడు, అంతే కదా.

వాంతులో విరేచనాలో మొదలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్టు వెంట ఉండాలి. లీటరు నీళ్లలో కలపాలని రాసి ఉన్న ప్యాకెట్టును పూర్తిగా లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుడు నీళ్లలో కొంచెం పొడి వేసి అంచనాగా కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపినది 24 గంటల్లోపు వాడేయాలి. ప్యాకెట్టు దొరకనిచోట లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో గీటుగా కొలిచి కలపవచ్చు. ప్యాకెట్టు కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదేనా అన్నది చూడండి. చక్కెర ఎక్కువగా ఉండే పానీయాలు ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడవడంపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఆ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. బిడ్డ మత్తుగా ఉన్నా, చాలాసేపు మూత్రం పోయకపోయినా మాత్రం పార్కు సంగతి మరచి ఆసుపత్రికి వెళ్లాలి.

ఐదో లెక్క: పార్కులో

పార్కులో చాలా రైడ్లకు ప్రవేశం వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. బిగించే కడ్డీ, పట్టీ ఒక శరీర పరిమాణానికి సరిపోయేలా తయారవుతాయి. అంతకన్నా చిన్న శరీరం వాటి సందులోంచి జారిపోవచ్చు. కాబట్టి "మా వాడికి ఏడేళ్లండీ, రెండు సెంటీమీటర్లే కదా తక్కువ" అని గేటు దగ్గరి ఉద్యోగితో వాదించడం మన బిడ్డ మీదికే ప్రమాదం తెచ్చుకోవడం. కేవైసీ లేకుండా ఖాతా తెరవమని ఎవరైనా మనతో వాదిస్తే మనమేమంటాం? ఇక్కడా అంతే.

బయలుదేరే ముందే ఇంట్లో గోడకు ఆనించి పిల్లల ఎత్తు కొలవండి. పార్కు వెబ్‌సైటులో ఏ రైడుకు ఎంత ఎత్తు కావాలో చూసి, ఎక్కగలిగిన వాటి జాబితా పిల్లలతోనే రాయించండి. ఎక్కలేని వాటి సంగతి ఇంట్లో తెలిస్తే చిన్న నిరాశతో పోతుంది, గంటసేపు వరుసలో నిలబడ్డాక తెలిస్తే పెద్ద ఏడుపవుతుంది. ఎనిమిదేళ్ల అక్క ఎక్కగలిగేది నాలుగేళ్ల తమ్ముడు ఎక్కలేడు. అలాంటప్పుడు పెద్దవారిద్దరూ వంతులు వేసుకోవాలి: నాన్న అక్కతో వెళ్తే, అమ్మ తమ్ముడితో అదే సమయంలో చిన్న రైడు దగ్గర ఉండాలి. బామ్మనో అమ్మమ్మనో బ్యాగుల కాపలాకే కూర్చోబెట్టకండి. వారు కూడా చూడగలిగే ప్రదర్శన ఒకటైనా రోజులో ఉండాలి.

గేటు తెరిచిన మొదటి గంటలో వరుసలు చిన్నవిగా ఉంటాయి, ముఖ్యమైనవి అప్పుడే చూసేయాలి. మధ్యాహ్నం చిన్నవాళ్ల నిద్రవేళ. ఆ రెండు గంటలు నీడలోనో చల్లని హాలులోనో గడపండి. "టికెట్టు డబ్బులు వృథా" అనుకుని నిద్రవేళలో లాక్కెళ్తే సాయంత్రం మొత్తం పోతుంది.

నీటి కొలనుల దగ్గర ఒకే సూత్రం: ఈత రాని బిడ్డ మన చెయ్యి చాపితే అందే దూరంలో ఉండాలి. సినిమాలో చూపినట్టు మునిగిపోయే బిడ్డ చేతులు ఊపి కేకలు వేయదు, చప్పుడు లేకుండా మునిగిపోతుంది. లోతు తక్కువని నమ్మకండి. ఫోటోలు తీసేవారు వేరు, బిడ్డను చూసేవారు వేరుగా ఉండాలి. కొలనుల్లోకి నూలు బట్టలను చాలా పార్కులు అనుమతించవు, ఈత దుస్తులు ఇంటి నుంచే తెచ్చుకుంటే అక్కడ కొనే ఖర్చు తప్పుతుంది.

పొద్దున లోపలికి వెళ్లగానే పిల్లలకు ఒక ఫోటో తీయండి. తప్పిపోతే ఏ రంగు చొక్కా అన్నది కంగారులో గుర్తురాదు. ఫోను నంబరు రాసిన పట్టీ చేతికి కట్టండి. "మేం కనిపించకపోతే ఉన్నచోటే నిలబడు, యూనిఫాం వేసుకున్న అక్కకో అన్నకో చెప్పు" అని ఇంట్లోనే రెండుసార్లు ఆడించి నేర్పండి. పిల్లల సహాయానికి దేశమంతటా 1098 నంబరు ఉంది.

ఆరో లెక్క: డబ్బు

ఈ లెక్క మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అయినా మూడు మాటలు. సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాసు 2025 ఆగస్టు 15న మొదలైంది. ప్రారంభ ధర మూడు వేల రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ఈ దారిలో ఒక్కో టోల్‌ప్లాజా దాటడం ఒక ట్రిప్పు, అంటే ఆ ప్రారంభ ధరకు ఒక్కోటి 15 రూపాయలు. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి, ఈ మూడింటికే రానూపోనూ కలిపి ఆరు ట్రిప్పులు. సొంత ఊరికి తరచుగా కారులో వెళ్లేవారికి ఇది లాభం, ఏడాదికి ఒక్కసారి వెళ్లేవారు లెక్క చూసుకుని తీసుకోవాలి. ఇది జాతీయ రహదారులకే. ఔటర్ రింగు రోడ్డుకు మామూలు ఫాస్టాగ్ నిల్వ ఉండాలి.

రెండోది, టికెట్లు పార్కు సొంత వెబ్‌సైటులోనే కొనండి. "సగం ధరకే కుటుంబ ప్యాకేజీ" అని వాట్సాప్‌లో వచ్చే లింకులను ఖాతాదారులకు తెరవద్దని చెప్పే మనం, ఇంట్లోనూ తెరవకూడదు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. మూడోది, పిల్లలకు చెరికొంత డబ్బు ఇచ్చి బొమ్మలు, ఐస్‌క్రీములు అన్నీ అందులోనే అని చెప్పండి. అడిగిన ప్రతిదానికీ "వద్దు" అనే పని మనకు తప్పుతుంది, వాళ్లకు పొదుపు పాఠం మొదలవుతుంది.

ఇంటిల్లిపాదీ కలిసి చేయాల్సిన అభ్యాసం

ప్రయాణానికి వారం ముందు రాత్రి భోజనాల తర్వాత ఒక పావుగంట అందరూ కూర్చోండి. ఈ ప్రశ్నలు పిల్లలతోనే చదివించండి.

1. మన కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒక్క సెకనులో ఎన్ని మీటర్లు పోతుంది? (జవాబు: 20 మీటర్లు.)

2. మనలో అందరికన్నా చిన్నవారు ఎవరు? వారు ఎన్నింటికి తింటారు, ఎన్నింటికి పడుకుంటారు? ఆ సమయాల్లో మనం ఎక్కడ ఉంటాం?

3. కారులో ఎవరి సీటు ఏది? ప్రతి ఒక్కరికీ బెల్టు ఉందా? లేకపోతే ఎవరు ఇంటి దగ్గర ఆగుతారు, లేదా రెండో బండి కావాలా?

4. నడిపేవారు ముందురోజు రాత్రి ఎన్నింటికి పడుకుంటారు? వారు పడుకున్నాక సామాన్లు సర్దే పని ఎవరిది?

5. పార్కులో ఒక్కటే చూసే వీలుంటే ఒక్కొక్కరూ ఏది కోరుకుంటారు?

ఐదో ప్రశ్నకు వచ్చిన జవాబులే మీ అసలు ప్రణాళిక. నలుగురి నాలుగు కోరికలు తీరితే ఆ రోజు నిండినట్టే, మిగిలినవన్నీ కొసరు. ముప్ఫై రైడ్లలో ఎనిమిదే ఎక్కినా నష్టమేమీ లేదు. నాలుగేళ్ల బిడ్డకు రోలర్ కోస్టరు పేరు గుర్తుండకపోవచ్చు. నాన్న తొందర పడకుండా తనతోపాటు రంగులరాట్నం ఎక్కాడన్న సంతోషం మాత్రం మిగులుతుంది.

రాబోయే సెలవుల్లో కారెక్కే మన కుటుంబాలన్నింటికీ శుభ ప్రయాణం!